దీవి పేరు పెట్టుకున్న మోటారు

ఆవిడను వార్డంతా వాల్వక్క అనేది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఓటర్ల జాబితాలో తప్ప దాన్ని ఎవరూ పలికిన పాపాన పోలేదు. తెల్లవారుతుండగానే కొంగు బిగించి, మనిషంత పొడుగున్న ఇనపకడ్డీ భుజాన వేసుకుని ఆవిడ వీధి చివరికి నడిచిందంటే, ఆ చప్పుడుకే నాలుగు వీధుల్లో బిందెలు నిద్రలేచేవి.

ఆ వీధి చివర నేలలో ఒక గుంట, గుంటలో ఒక వాల్వు. దాన్ని తిప్పే ఉద్యోగి ఏనాడో రిటైరయ్యాడు. అతని చోటులో ఇంకో మనిషిని వేస్తామని ఆఫీసువాళ్ళు అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నారు, పాపం చెప్పడంలో మాత్రం ఏనాడూ లోటు చెయ్యలేదు. అతను వెళ్తూ వెళ్తూ కుట్టుమిషను ముందు కూర్చున్న ఈవిడను పిలిచి, "అమ్మా, పదకొండున్నర చుట్లు. తక్కువైతే మూడో వీధికి నీళ్ళు రావు, ఎక్కువైతే ఇస్త్రీ కొట్టు ముందు అతుకు ఊడుతుంది. కడ్డీకి చెవి పెట్టి విను, అదే చెబుతుంది" అని కడ్డీ చేతిలో పెట్టి పోయాడు. నీళ్ళు తిప్పే మనిషి కాబట్టి జనం ఆవిణ్ణి వార్డు మెంబర్ని చేశారు. ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పుడింకా జనం అంత తేలిగ్గా ఆలోచించేవాళ్ళు.

మూడు వీధులకు నీళ్ళు బాగానే వచ్చేవి. నాలుగోది మెట్ల వీధి. డెబ్బై రెండు మెట్లు. నీళ్ళకు కాళ్ళు లేవు కాబట్టి అవి ఎక్కేవి కావు, మెట్ల వీధి ఆడవాళ్ళకు కాళ్ళు ఉన్నాయి కాబట్టి వాళ్ళు దిగి మోసుకునేవాళ్ళు. ఆ మెట్ల అడుగున ఒక చిన్న మోటారు పెడితే చాలు, నీళ్ళు పైకి లేస్తాయని వాల్వక్క మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఈ బల్ల ఆ బల్లకు పంపితే, ఆ బల్ల భోజనానికి వెళ్ళేది. చివరికి కాగితం ఆఖరి బల్ల మీదికి చేరి, మంజూరు ముద్ర కూడా పడింది. అప్పుడు వచ్చిపడ్డాయి ఎన్నికలు.

"ఇప్పుడు ఆపెయ్యాలమ్మా" అన్నాడు గుమాస్తా. "కొత్తగా గెలిచిన మెంబరు ముప్పై రోజుల్లో సంతకం పెట్టి, కౌన్సిల్లో ఒప్పించుకోవాలి. లేదంటే ఈ మోటారు వేరే వార్డుకి పోతుంది."

"గెలిచేది నేనేగా నాయనా, జాగ్రత్తగా పెట్టు ఆ కాగితం" అంది వాల్వక్క. ఆవిడకు అనుమానం ఎందుకొస్తుంది? వార్డులో ఏ కుళాయికి ఏ జలుబు చేసిందో చెప్పగల మనిషి.

ఇక్కడ పార్టీల సంగతి కాస్త చెప్పుకోవాలి. వాల్వక్కది దువ్వెన గుర్తు. ఆ పార్టీ పెద్ద రాజధానిలో ఉంటాడు. ఆయన ఈవిణ్ణి చూడలేదు, ఈవిడ ఆయన్ని చూడలేదు, ఇద్దరూ సుఖంగానే ఉన్నారు. అలాంటిది ఆ మహానుభావుడు ఒక పెద్ద సభలో, జాతి భవిష్యత్తు గురించి ఎవరో మాట్లాడుతుంటే, నోరు బార్లా తెరిచి ఆవలించాడు. ఆ ఆవలింతను టీవీవాళ్ళు మూడు వారాలు చూపించారు. నిదానంగా చూపించారు, దగ్గర్నుంచి చూపించారు, పళ్ళ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి మరీ చూపించారు.

అవతలిది గొడుగు గుర్తు. దాని పెద్దను అందరూ పెద్దాయన అనే అంటారు. పెద్దాయన ఆవలించడు. నిద్రే పోడని చెబుతారు. ఆయన ఎక్కడో నడిసముద్రంలో ఉన్న ఒక దీవిని పట్టుకున్నాడు. అది తమదేనని పక్క దేశం వాళ్ళూ అంటున్నారట. చెంచాడు ఇసుక కూడా వదలనని పెద్దాయన గుండెల మీద గుద్దుకున్నాడు. ఆ దీవిలో మనుషులు లేరు, చెట్లు లేవు, నాలుగు కొంగలు మాత్రం ఉన్నాయి. వాటిని ఎవరూ ఏమీ అడగలేదు.

నామినేషన్లకు రెండు రోజులుందనగా వాల్వక్క మరిది ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. మరిది అంటే భర్తకు సొంత తమ్ముడు, వీధి మొగలో ఇస్త్రీ కొట్టు. చొక్కానైనా భయపడుతూనే మడతపెట్టే రకం.

"ఏంటబ్బాయ్, అక్కడే అతుక్కుపోయావు? లోపలికి రా."

"నువ్వు తిట్టనంటే వస్తాను వదినా."

"తిట్టాల్సిందైతే అక్కడున్నా తిడతాను. చెప్పు."

"గొడుగు పార్టీవాళ్ళు వచ్చారు. మన వార్డులో నీ మీద నిలబడ్డానికి ఎవ్వరూ దొరకలేదట. ఖాళీగా వదిలేస్తే పెద్దాయనకి అవమానమట. ఊరికే పేరు పెట్టుకుంటామన్నారు..."

"నీ పేరా?"

"ఓడిపోవడానికే వదినా! ఓడిపోతానని వాళ్ళే మాటిచ్చారు."

లోపల టీవీ ముందున్న భర్త పగలబడి నవ్వాడు. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. దిగేవాళ్ళను దింపడం తప్ప ఎవరి మాటా వినని అలవాటు. "నిలబడనియ్యవే! ఇంట్లో ఇద్దరు నాయకులుంటే నాకేం నష్టం?"

వాల్వక్కకూ నవ్వొచ్చింది. "సరే పో. పోస్టరు మీద మంచి చొక్కా వేసుకో, పది మందికీ ఇస్త్రీ ప్రచారమైనా అవుతుంది."

పోస్టర్లు వచ్చాయి. వాటి నిండా పెద్దాయనే. చెయ్యెత్తి దూరంగా, బహుశా దీవి వైపే, చూస్తున్నాడు. ఆయన మోచేతి కింద చొక్కా గుండీ అంత బొమ్మ ఒకటి ఉంది. అది మరిది. కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినవాళ్ళకు దొరికాడు. తోటికోడలు మాత్రం అద్దాలు లేకుండానే పట్టేసి, "ఆ భయం చూపు మా ఆయనదే" అంది.

ఆ తర్వాత వాల్వక్క డెబ్బై రెండు మెట్లూ ఎక్కి మెట్ల వీధికి ఓట్లడగడానికి వెళ్ళింది. మొదటి ఇల్లు బకెట్ పెద్దమ్మది. రోజుకు పద్నాలుగు బకెట్లు మోసే మనిషి, డెబ్బైకి దగ్గర పడుతోంది. వాల్వక్కను చూడగానే కుర్చీ వేసి, విసనకర్ర తెచ్చి, తానే విసిరింది.

"పెద్దమ్మా, మోటారు మంజూరైంది. నేను గెలిచి సంతకం పెట్టడమే ఆలస్యం. నీళ్ళు నీ గుమ్మంలోకి వస్తాయి."

"నీ నోట్లో చక్కెర పొయ్య! నువ్వు కాబట్టి ఇంత తిరిగావు తల్లీ. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మోకాళ్ళకేం గానీ, దువ్వెన మీద వెయ్యి."

పెద్దమ్మ విసరడం ఆపింది. "అది సరే గానీ, మరి దీవి మాటేంటి?"

"ఏ దీవి?"

"ఏ దీవి అంటావేంటి! దేశమంతా అట్టుడికిపోతుంటే! మనవడు ఫోన్లో చూపించాడు. పాపం చిన్న దీవి, చుట్టూ సముద్రం. దాన్ని లాక్కుంటారట."

"దానికీ మన మోటారుకీ ఏంటమ్మా?"

"ఆ దీవిలో తాగడానికి మంచినీళ్ళు కూడా లేవట, తెలుసా నీకు?" పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వాల్వక్క గుమ్మంలో ఉన్న ఖాళీ బకెట్ల వరసను చూసింది. "నీకూ లేవుగా పెద్దమ్మా."

"నాదేముంది, నేను మోసుకుంటాను. దీవి మోసుకోగలదా?" అని, కాస్త గొంతు తగ్గించి అడిగింది. "అయినా మీ దువ్వెన పార్టీ పెద్ద ఎందుకు తల్లీ అంత పెద్దగా ఆవలించాడు?"

"నన్నడిగితే నాకేం తెలుసు? నిద్రొచ్చి ఉంటుంది."

"అదీ! దేశం ఇలా ఉంటే నిద్రెలా వస్తుంది?"

ఇంటింటా ఇదే వరస. అందరూ కుర్చీ వేశారు, అందరూ మోకాళ్ళను పలకరించారు, అందరూ ఆవలింతకు సంజాయిషీ అడిగారు. మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి అరిగిన చెప్పులు ఆవిడవి, ఊళ్ళో లేని మనిషి నోటికి జవాబుదారీ కూడా ఆవిడదే. ఎవరికి పుట్టిన బిడ్డో ఎక్కెక్కి ఏడ్చిందంటారే, అలా ఉంది వ్యవహారం.

ఓట్లు బడిలో లెక్కపెట్టారు. మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. రెండువందల పదకొండు ఓట్ల తేడాతో ఇస్త్రీ కొట్టు మరిది గెలిచాడు. మెట్ల వీధిలో మూడువందల పద్దెనిమిది ఓట్లుంటే వాల్వక్కకు పడ్డవి పందొమ్మిది. ఆ పందొమ్మిది మందీ ఎవరో కనుక్కుని కాళ్ళు కడుగుదామనుకుంది గానీ, ఆ వీధిలో నీళ్ళు లేవు కదా.

గెలిచినవాడు బడి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మెడలో దండలు. దండలు వేసినవాళ్ళు కూడా ముందు పక్కనున్న ఫోటోగ్రాఫరు మెడలో వేసి, అతను కాదని తెలిశాక తీసి ఇతనికి వేశారు.

"నేను నీకే వేశాను వదినా! ఒట్టు! నా చేతిలో ఉన్నది ఆ ఒక్కటే, దాన్ని నీకే వేశాను. మిగతావి నా చేతిలో లేవు."

"ఏడవకు అబ్బాయ్, చొక్కా నలుగుతుంది" అని వాల్వక్క కొంగుతో అతని మొహం తుడిచింది.

ఆ సాయంత్రం టీవీలో ఒక పెద్దమనిషి, మెడకు గుడ్డ బిగించుకుని, "మారుమూల వార్డుల్లో కూడా ప్రజలు దీవి విషయంలో ఎంత స్పష్టతతో ఉన్నారో ఈ ఫలితాలే చెబుతున్నాయి" అన్నాడు. వాల్వక్క భర్త తలూపాడు. తలూపి, భార్య వైపు చూసి, ఊపడం ఆపేశాడు. ఆవిడకు అప్పుడే అనుమానం తగిలింది. అడగలేదు. కొన్ని కుళాయిలను అప్పుడే విప్పకూడదు.

ముప్పై రోజుల్లో ఇరవై ఒకటి గడిచిపోయాయి. ఇరవై రెండో రోజు మరిది పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"వదినా, మోటారు పోయింది!"

"ఇంకా రాలేదుగా, ఎలా పోతుంది?"

"మా పట్టణ అధ్యక్షుడు సంతకం పెట్టొద్దన్నాడు. కుళాయిలూ మోటార్లూ చిన్న విషయాలట, మన పార్టీ స్థాయి కాదట. వార్డుకో దీవి స్తంభం కట్టాలట. మోటారు వద్దని రాసిచ్చేస్తే ఆ బదులు స్తంభం ఇస్తారట. పాలరాతిది, పైన కొంగ బొమ్మ."

"నువ్వేమన్నావు?"

"కొంగ బాగుంటుందన్నాను." అతను చొక్కా గుండీ తిప్పుకున్నాడు. "ఆయన ముందు నాకు వేరే మాట రాదు వదినా. ఆయన బట్టలు ఇస్త్రీ చేసేది నేనే."

వాల్వక్క మంచం మీద కూర్చుని చాలాసేపు మోకాళ్ళు రాసుకుంది. తన ఓటమి పచ్చిగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ పద్నాలుగు బకెట్లు కళ్ళముందు మెట్లెక్కుతున్నాయి. మూడేళ్ళ చెప్పులు, ఇంక తొమ్మిదే రోజులు.

"అబ్బాయ్, రేపు పొద్దున్నే వెళ్ళి, స్తంభం కంటే గొప్పది మా వార్డులో పెడతామని చెప్పు. దీవి విజయ జల మోటారు."

"దీవికీ మోటారుకీ ఏంటి వదినా సంబంధం?"

"దీవికీ ఓట్లకీ ఏముందో అదే."

మరిది వచ్చి మంచం పక్కన చతికిలబడ్డాడు.

"విను. స్తంభం నిలబడే ఉంటుంది, నోరు లేదు. మోటారైతే రోజూ పొద్దున్నే గుర్రుమంటుంది. గుర్రుమన్నప్పుడల్లా జనానికి పెద్దాయన గుర్తొస్తాడు. ఈ మాట చెప్పు. తడబడకు. బట్టలిచ్చేటప్పుడు చెప్పు, అప్పుడు ఆయన మనసు బాగుంటుంది."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాం. ఈవిడ చెట్టు పేరు చెప్పి నీళ్ళు తెప్పించింది. మూడేళ్ళు బల్లల మీద నిద్రపోయిన కాగితం ఒక్క పూటలో లేచి ఒళ్ళు విరుచుకుంది. "దీవి" అన్న మాట వినగానే అధ్యక్షుడు తలూపాడు, కౌన్సిలు చేతులెత్తింది, గుమాస్తాలు కుర్చీల్లోంచి లేచారు. ఐదో రోజుకల్లా మోటారు మెట్ల అడుగున కూర్చుంది. పక్కనే రాతిపలక. దాని మీద పెద్దాయన పేరు మొదలుకొని పద్నాలుగు పేర్లు. ఆఖర్న చోటు చాలక మరిది పేరులో సగం. వాల్వక్క పేరు ఎందుకుంటుంది? ఆవిడ పేరు ఎవరికి తెలుసని?

ప్రారంభోత్సవం పొద్దున పెట్టారు. వాల్వు తాను తిప్పుతానని పట్టణ అధ్యక్షుడు పట్టుబట్టాడు. పాల నురుగులాంటి బట్టలు, మరిది చేతి మడతలు.

"వదినా, ఆయనకు పదకొండున్నర అని చెప్పాను. నాకు లెక్కలు చెబుతావా అన్నాడు."

"సరే, నువ్వు ఆయన పక్కనే నిలబడు. నేను వెనకనుంచి బకెట్టు మీద గరిటెతో కొడతాను. ఒక్కో చుట్టుకీ ఒక్కో దెబ్బ. నేను ఆపగానే ఆయన చెయ్యి పట్టుకో. మోటారొచ్చినా వాల్వు పాతదే, అతుకూ పాతదే. గుర్తుంచుకో."

అధ్యక్షుడు కడ్డీ పట్టాడు. మోటారు గుర్రుమంది. వాల్వక్క ఠంగుమని కొట్టింది. ఒకటి. రెండు. మూడు. ఆ చప్పుడు పక్కనున్న ఆవిడకు భలే నచ్చింది. పెద్దాయన గౌరవార్థం కాబోలనుకుని ఆవిడా తన బిందె మీద కొట్టింది. ఇంక చూడండి. ఖాళీ బిందెలు, ఖాళీ బకెట్లు, ఆ వీధిలో వాటికేం కొదవ? మెట్ల మీది డెబ్బై రెండు వరసలూ ఠంఠంఠం మని మోగిపోయాయి. "పెద్దాయనకూ జై! దీవికీ జై!"

"ఆపండే! ఆపండి! లెక్క పోతుంది!" అని వాల్వక్క అరిచిన అరుపు ఆ మోతలో ఆవగింజ అయిపోయింది. మరిది మెడ చాచి వదిన కోసం చూస్తున్నాడు. అధ్యక్షుడికి మాత్రం ఉత్సాహం ఆకాశానికంటింది. ఆ దరువుకు తగ్గట్టు తిప్పుతున్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పదిహేనో చుట్టుకు ఇస్త్రీ కొట్టు ముందు నేల ఒకసారి ఉబ్బి, ఫెళ్ళున పగిలింది.

నీళ్ళకు పార్టీ లేదు. అధ్యక్షుణ్ణి తడిపాయి, రాతిపలకను తడిపాయి, మరిది కొట్టులోకి దూరి వరసగా తగిలించిన ముప్పై జతల ఇస్త్రీ బట్టలను తడిపాయి. వాటిలో సగం అధ్యక్షుడివే.

అందరూ తలోదిక్కూ పరిగెత్తుతుంటే వాల్వక్క ఎదురు నడిచింది. అధ్యక్షుడి చేతిలోంచి కడ్డీ లాక్కుంది. "తప్పుకో నాయనా" అని, మూడున్నర చుట్లు వెనక్కి తిప్పి, కడ్డీకి చెవి ఆన్చింది. కళ్ళు మూసుకుంది. ఇంకో రవ్వంత వెనక్కి. కొంగులోంచి సైకిల్ ట్యూబు ముక్క తీసి మరిదికిచ్చింది. "అతుకు దగ్గర చుట్టు. గట్టిగా. నీ కొట్టు ముందేగా, నీకు తెలియని చోటా?" మరిది మోకాళ్ళ లోతు బురదలో దిగి చుట్టాడు. మెంబరయ్యాక అతను చేసిన మొదటి పని అదే, బాగానే చేశాడు.

తర్వాత ఎక్కడో మెట్ల పైనుంచి ఒక గొంతు: "వచ్చాయ్! అమ్మో, వచ్చేశాయ్!"

బకెట్ పెద్దమ్మ ఒట్టి చేతులతో మెట్లు దిగి వచ్చింది. ఎన్నేళ్ళయిందో అలా దిగి. వాల్వక్క చేతులు పట్టుకుని ఏడ్చింది.

"చూశావా తల్లీ! నువ్వు మూడేళ్ళు తిరిగావు, పాపం చెప్పులరిగాయి. పెద్దాయన అక్కడ కూర్చునే వారంలో పంపించాడు! నా మాట విని వచ్చేసారి ఆ పార్టీలో నిలబడు, అందరం నీకే వేస్తాం."

"మరి మా మరిదినేం చేస్తావు పెద్దమ్మా?"

"మీ మరిది ఎవరు?"

"నువ్వు ఓటేసి గెలిపించిన మెంబరు. అదిగో, బురదలో."

పెద్దమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఇస్త్రీ అబ్బాయా! ఇతనూ నిలబడ్డాడా?"

వాల్వక్కకు కోపం రావలసిందే. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంటికెళ్ళేదాకా ఆగలేదు.

ఇంట్లో టీవీ మోగుతోంది. పెద్దాయన పక్క దేశం పెద్దతో చెయ్యి కలిపాడట. దీవిని ఇద్దరూ చెరిసగం అనుకున్నారట. దాన్ని కూడా ఘనవిజయమనే చెబుతున్నారు. భర్త టీవీ వైపే చూస్తూ, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"ఏమే... నేనూ గొడుక్కే వేశాను."

"తెలుసులెండి."

"నీ మీద కోపంతో కాదు. దేశం సంగతి కదా అని."

"తెలుసు. చెరిసగం వచ్చిందిగా, మీ వాటా కొంగలు రెండు. వెళ్ళి తెచ్చుకోండి" అని, తడిసిన చీర పిండుకోవడానికి వాల్వక్క పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆయన టీవీ ఆపిన చప్పుడు వినిపించింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారి కావచ్చు.

మర్నాడు తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది. మరిది. చొక్కాకు ఇస్త్రీ లేదు.

"వదినా, తిప్పడం నేర్పు. పేరుకు మెంబర్ని నేనేగా. నీ మోకాళ్ళకైనా కాస్త సుఖం."

ఇద్దరూ గుంట దగ్గరికి వెళ్ళారు. మరిది పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు, పదకొండు దగ్గర చెమట తుడుచుకున్నాడు, ఆ సగం చుట్టును పసిపిల్లను పడుకోబెట్టినట్టు తిప్పాడు.

"ఇప్పుడు చెవి పెట్టు. ఏం వినిపిస్తోంది?"

"ఏం లేదు వదినా."

"నోరు మూసుకుని విను."

మోటారు గుర్రుమంటోంది. ఆ గుర్రు కింద, ఇనుములో ఎక్కడో, సన్నగా ఇంకో చప్పుడు. మరిది మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఎక్కుతున్నాయి వదినా."

"ఎన్నో మెట్టు?"

"అది కూడా తెలుస్తుందా?"

"పదేళ్ళు వింటే తెలుస్తుంది" అంది వాల్వక్క. "నీకు ఐదేళ్ళే ఇచ్చారు. తొందరగా విను."